గాలం ఎక్కడ దిగాలి?

"దీని మొన చూడరా అల్లుడూ, లోపలికి తిరిగి సొంత కాడనే పొడుచుకునేటట్టుంది. ఇదేం చేపని పట్టుద్ది?" అన్నాడు మావయ్య.

నా పెట్టెలోంచి తీసిన గాలం ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉంది. యానాం దిగువన, గౌతమి నుంచి చీలిన ఒక పాయ మడచెట్ల మధ్యకి దూరే చోట నావ కట్టేసి కూర్చున్నాం. పాటు సగం పైనే అయింది. నీళ్లు తీసేసిన బురద మీద పీతల బొరియలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. మళ్లీ పోటు తిరిగేదాకా తాడు వేసి లాభం లేదు కాబట్టి మావయ్య నా పెట్టె ముందేసుకున్నాడు.

మావయ్యది చేతితాడు. నలభై ఏళ్లుగా ఈ ఉప్పుటేళ్లలోనూ మొగల దగ్గరా గాలం వేసే ఇల్లు నడిపాడు. నేను కాకినాడలో పాఠాలు చెప్పుకుంటూ ఆదివారాలు మాత్రం ఫిషింగ్ రాడ్ పట్టుకుని వచ్చేవాణ్ణి. చేపల గురించి మా ఇద్దరిదీ ఒకే మాట. గాలాల దగ్గరకొస్తే తగవే. ఆ సాయంత్రం ఆయన నాకు నేర్పినవి ఉన్నాయి, నేను ఆయన్ని ఒప్పించలేకపోయినవీ ఉన్నాయి. రెండూ రాస్తాను.

"దాన్ని సర్కిల్ గాలం అంటారు మావయ్యా."

"పేరేదైనా కానీ. గాలమంటే ఇలా ఉండాలి." తన రేకు డబ్బాలోంచి ఒకటి తీశాడు. మనందరికీ తెలిసిన గాలమే. పొడుగు కాడ, కింద వంపు, మొన నిటారుగా పైకి. "తాడు లాగితే ఆ లాగుడంతా ఎక్కడ పడుద్ది? మొన మీద. మొన అటే దిగుద్ది. నీదాంట్లో లాగుడు ఎక్కడికి పోద్ది?"

"వంపు మీదికి. మొన మీద పడకూడదనే అలా చేశారు."

"గుచ్చుకోకపోతే చేప ఎలా ఆగుద్ది?"

"గుచ్చుకుంటుంది. ఎక్కడపడితే అక్కడ గుచ్చుకోదు, అంతే."

మాటలతో తేలేది కాదని నీళ్ల చెంబు ఖాళీ చేసి అందులో నా తువ్వాలు పరిచాను. అంచు బయటికి మడిచాను. "చెంబు అడుగు చేప పొట్ట అనుకో. ఈ మడత దాని దవడ మూల." ముందు ఆయన గాలాన్నే లోపల పడేసి దారం ఆయన చేతికిచ్చాను. లాగాడు. గాలం అడుగునే పట్టుకుని తువ్వాలు ముద్దగా పైకి లేచి వచ్చింది. తర్వాత నాది వేశాను. "గుంజకు. బావిలోంచి చేద తోడినట్టు సమానంగా లాగు." గాలం తువ్వాలు మీద జారుకుంటూ వచ్చింది, అంచు దాటబోతూ పక్కకి తిరిగింది, మడత దగ్గర ఠక్కున ఆగింది.

మావయ్య ఏమీ అనలేదు. మళ్లీ లోపల వేశాడు, మళ్లీ లాగాడు. అయిదుసార్లు చేశాడు. నాలుగుసార్లు మడత దగ్గరే పట్టింది. ఒకసారి ఎక్కడా పట్టకుండా ఉత్తిదే బయటికొచ్చింది.

"ఆ ఒకటి పోయింది కదరా."

"నాలుగు అనుకున్నచోటే పట్టాయి కదా మావయ్యా."

"నీకు నాలుగూ కనబడతాయి, నాకు ఆ ఒక్కటే కనబడుద్ది. నీది ఆదివారం సరదా. నాది సోమవారం బియ్యం." చెంబు పక్కకి నెట్టాడు. "అయినా చెంబు చేపేంట్రా? చేపకి నోరుంటుంది. ఏ చేప నోరు ఎలా ఉంటుందో తెలియకుండా గాలం గురించి మాట్లాడకూడదు."

ఆ మాట దగ్గర నేను వాదించలేదు. దుకాణంలో గాలం కొనేటప్పుడు మనం చేప బరువు గురించి ఆలోచిస్తాం. మావయ్య నోటి గురించి ఆలోచిస్తాడు. ఆయన చెప్పిన తీరు ఇది:

"గొరక ఉంది. నోరు కిందికి తిరిగుంటుంది. బురద మీద తిరుగుతా ఎరని పీల్చుద్ది. దానికి పెద్ద గాలమేస్తే రొయ్యముక్క తినేసి గాలం నీకే వదిలేస్తది. మాగ ఉంది. పైదవడ ముందుకి పొడుచుకొచ్చి నోరు కిందుంటుంది. పక్కరెక్కల కింద దారాలు వేలాడతాయే, మురికినీళ్లలో వాటితోనే తడుముకుని ఎర ఎక్కడుందో చూసుకుంటుంది. దాని ఎర నేల మీదే ఉండాలి, గాలం బరువుగా ఉండకూడదు. జెల్ల సంగతి వేరు. దొరికింది దొరికినట్టు మింగేస్తది. దానికి పొడుగు కాడ గాలమే వెయ్యాలి. ఎందుకు?"

"ముల్లు."

"ఆఁ. వీపు మీదొకటి, రెక్కలకి రెండు. రంపపు పళ్లుంటాయి, విషముంటుంది. పొట్టి గాలం గొంతులోకి పోతే దాన్ని తియ్యడానికి చెయ్యి ఎక్కడ పెడతావు? కాడ పొడుగుంటే బయటినుంచే తిప్పి తీసెయ్యొచ్చు. గాలం చేపకే కాదురా, నీ చేతికి కూడా చూసుకోవాలి."

జెల్ల ముల్లు దిగినచోట ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుందని ఈ తీరంలో అందరికీ తెలుసు. ఆ విషం వేడికి చెడిపోయే రకం. డాక్టర్లు చెప్పేదీ ఇదే.

"మరి పులస?" అన్నాను, ఆయన్ని కదిలిద్దామని.

"పులస గాలానికి పడుద్దా? వెర్రోడా! అది నీళ్లని జల్లెడ పట్టుకుని బతికే చేప. దానికి వలే." తర్వాత గొంతు తగ్గించాడు. "ఇక పండుగప్ప. దాని నోరు వేరే కథ. కింది దవడ ముందుకుంటుంది. ఎరని కొరకదు. నోరు ఒక్కసారి తెరిస్తే చుట్టూ ఉన్న నీళ్లతో సహా రొయ్య లోపలికి పోద్ది. రాత్రిపూట ఆ చప్పుడు వినపడుద్ది, బుడుంగుమని. నచ్చకపోతే అంతే వేగంగా ఊసేస్తది. ఆ రెంటి మధ్య ఉన్న సందులో నేను గుంజాలి. నీ గాలానికేమో గుంజకూడదంటావు."

ఇదీ అసలు పేచీ. సర్కిల్ గాలంతో చేపలు పడటం లేదని చెప్పేవాళ్లలో చాలామంది చేసే తప్పు గుంజడమే. చేప ఎర నోట్లో పెట్టుకుని పక్కకి తిరిగి పోవాలి. అప్పుడు తాడు బిగుసుకుంటుంది, గాలం దవడ మూలకి జారి తిరుగుతుంది. మధ్యలో మనం గుంజితే, మూలకి చేరకముందే నోట్లోంచి బయటికి ఎగిరిపోతుంది. చెంబులో పోయిన ఆ ఒక్కసారీ మావయ్య చెయ్యి అలవాటుగా చిన్నగా అదిరింది. నేను చూశాను. ఆ సంగతి చెప్పాను కూడా.

"అదిరిందిరా. నలభై ఏళ్లు అదిరిన చెయ్యి. ఇప్పుడు దాన్ని ఆపమంటే ఎలా ఆగుద్ది? పైగా నీకు రాడ్డుంది. చేప లాగితే వంగుద్ది, వదిలితే లేస్తది. తాడు ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది. నాది ఒట్టి చేతితాడు. పోటులో తాడు విల్లులా వంగుతుంది. ఆ వంపంతా నేను లాగేసుకునేలోపు చేపకి తెలిసిపోద్ది. నేను గుంజేది చేపని కాదు, ఆ వంపుని."

ఇది నాకు తట్టని మాట. పుస్తకాల్లో గాలాల గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది రాడ్డు చేతిలో ఉన్నవాళ్లు. పోటులో విల్లయిన చేతితాడు వాళ్ల లెక్కలో ఉండదు. ఒప్పుకున్నాను.

ఆయన అంతటితో ఆగలేదు. "ఎర సంగతి చూడు." నీళ్ల బొక్కెనలోంచి బతికున్న రొయ్యని తీశాడు. తల మీది రంపపు కొమ్ము కింద, లోపల నల్లగా కనిపించే చుక్కని తప్పించి, తన గాలం మొన అటునుంచి ఇటు పోనిచ్చాడు. "ఆ నలుపు తగిలిందా, రొయ్య చచ్చిపోద్ది. చచ్చిన రొయ్యకి జెల్ల వస్తది గానీ పండుగప్ప ఎందుకొస్తది? ఇప్పుడు నీ గాలం ఇటివ్వు." సర్కిల్ గాలానికి మొనకీ కాడకీ మధ్య సందు తక్కువ. అంత సన్నటి చోట ఆ కొమ్ము కింద పని జరగడం కష్టమే. ఆయన ముసలి వేళ్లు రెండుసార్లు తప్పాయి. "చూశావా? సందంతా రొయ్యే నిండిపోయింది. ఇక దవడ ఎక్కడ పడుద్ది?"

"అందుకే సర్కిల్ గాలం ఒక సైజు పెద్దది తీసుకోవాలి. నువ్వు మామూలు గాలంలో 4/0 వేసే చోట ఇది 5/0 వెయ్యాలి. మొన బయట ఖాళీగా ఉండాలి. ఎరలో దాచకూడదు."

"నాలుగు కింద సున్నా అంటే ఏంట్రా అసలు?"

ఈ లెక్క ఎవరికైనా ముందు తిరకాసుగానే ఉంటుంది. చిన్న గాలాలకి నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. పదో నంబరు కన్నా నాలుగో నంబరు పెద్దది, నాలుగు కన్నా ఒకటి పెద్దది. ఒకటి దాటాక లెక్క తిరగబడుతుంది. 1/0, 2/0, 3/0 అని రాస్తారు, ఇక్కడ అంకె పెరిగేకొద్దీ గాలం పెరుగుతుంది. అంటే నాలుగో నంబరు గొరకలకి, 4/0 పండుగప్పకి. మొదట్లో ఒక దుకాణంలో నేను "నాలుగు" అని అడిగి, చూసుకోకుండా జేబులో వేసుకొచ్చి, పోటు మంచి ఊపుమీద ఉన్నప్పుడు పొట్లం విప్పితే గోరంత గాలాలు బయటపడ్డాయి. ఆ రోజు వట్టి చేతులతోనే ఇంటికొచ్చాను. పైగా ఒక కంపెనీ 4/0, ఇంకో కంపెనీ 4/0 పక్కపక్కన పెడితే సమానంగా ఉండవు. అంకె నమ్మి కొనే బదులు ఎర తీసుకెళ్లి గాలం పక్కన పెట్టి చూసుకోవడం మేలు.

"నేను అంకెలు చూడను. ఈ గోరు చూస్తా," అన్నాడు మావయ్య. గాలం మొనని బొటనవేలి గోరు మీద ఆనించి మెల్లగా జరిపాడు. మొన జారలేదు, గోరులో సన్నగా గీత పెట్టి ఆగిపోయింది. "ఇలా ఆగాలి. జారిందంటే ఆకురాయికి పని. ఇక్కడ అడుగునంతా ఆలిచిప్పలూ మడవేళ్లూ. రెండుసార్లు తగిలితే మొన పోద్ది. అది చూసుకోకుండా చేప తప్పించుకుందని ఏడుస్తారు."

నా స్టీలు గాలాలు చూపించాను. తుప్పు పట్టవని కాస్త గొప్పగానే చెప్పాను.

మావయ్య మొహం మారింది. "అది మంచిదంటావా? తాడు తెగి చేప పోయిందనుకో. గాలం దాని నోట్లోనే ఉంటుంది. నాది ఉప్పునీళ్లలో తుప్పు పట్టి ఎప్పటికో ఒకప్పటికి విరిగి పడిపోద్ది. నీది ఎన్నాళ్లుంటుంది?"

జవాబు చెప్పలేకపోయాను. ఆ మాటే నన్ను ఆయన దగ్గర ఎప్పుడూ కూర్చోబెడుతుంది. పట్టుకుని అమ్ముకునే మనిషి, చెయ్యి జారిపోయిన చేప గురించి అంత దూరం ఆలోచిస్తాడు. కానీ వదిలేయడం అనే మాట వచ్చేసరికి ఆ మనిషే మరోలా మాట్లాడతాడు.

"నేను సర్కిల్ గాలం వాడేది అందుకే మావయ్యా. చిన్నపిల్ల పడితే బతికుండగా వదిలెయ్యొచ్చు. గాలం పొట్టలోకి దిగితే వదిలినా ఏం లాభం? పేగులు చిరిగాక అది ఈదుతూ పోయినట్టే కనపడుతుంది, రేపటికి ఉండదు."

"పట్టినదాన్ని వదలడమేంట్రా? గంగమ్మ ఇచ్చినదాన్ని వద్దంటామా?"

"ఇచ్చిందంతా ఉంచుకోమని ఇచ్చిందా?"

"ఎదురు మాటలొద్దు." కొంచెంసేపు నీళ్లకేసి చూశాడు. "చిన్న పండుగప్ప, కిలోకి లోపుది, నేనూ వదిలాను. పిల్లని చూస్తే బాధే. కానీ గాలం మింగేసినదాన్ని ఏం చెయ్యాలి? తిప్పి లాగితే పేగులతో వస్తది."

"లాగకూడదు. నోటి దగ్గరే దారం కోసి వదిలెయ్యాలి. అలాగైతే కొన్నైనా బతుకుతాయి. అసలు మింగకుండా చేసేది ఈ గాలం. 2004లో కుక్, సుస్కీ అని ఇద్దరు శాస్త్రవేత్తలు అంతకుముందు జరిగిన పరీక్షలన్నీ ఒకచోట పెట్టి చూశారు. పట్టి వదిలిన చేపల్లో చావులు సర్కిల్ గాలాలతో మొత్తం మీద సగానికి తగ్గాయని తేల్చారు."

"అన్ని చేపలకీనా?"

"అన్నిటికీ కాదు. కొన్ని జాతులకి తేడా కనపడలేదు. కొన్నిటికి కంటి దగ్గర గుచ్చుకుని ఇంకా చేటయిందని కూడా వాళ్లే రాశారు."

"అదీ! అందుకే ముందు నోరు చూడమన్నాను." ఆయన మొహం వెలిగింది. నాకూ అది సబబుగానే తోచింది. గాలాన్ని బట్టి చేపకి మేలు జరగదు, ఏ నోటికి ఏ గాలం అనేదాన్ని బట్టి జరుగుతుంది.

కానీ వదిలిపెట్టదలచుకోలేదు నేను. "అమెరికా తూర్పు తీరంలో స్ట్రైప్డ్ బాస్ అని ఒక చేపుంది. మన పండుగప్పలాగే నదుల మొగల్లోనూ అఖాతాల్లోనూ తిరుగుతుంది. దానికి ఎర గుచ్చి గాలం వేస్తే సర్కిల్ గాలమే ఉండాలని 2021 జనవరి నుంచి నిబంధన పెట్టారు."

"ఎవరికి?"

"సరదాకి పట్టేవాళ్లకి."

"చూశావా! రూలు కూడా సరదావాళ్లకే. బతకడానికి పట్టేవాడికి ఎవరూ చెప్పలేదు."

"చెప్పకుండానే మారినవాళ్లున్నారు. పసిఫిక్ ఉత్తరాన హాలిబట్ అని బల్లపరుపు చేప, మనిషంత పెరుగుతుంది. దాన్ని అమ్ముకోవడానికి పట్టేవాళ్లే, 1980ల మొదట్లో, మామూలు గాలాలు పక్కన పడేసి సర్కిల్ గాలాలకి మారారు. చేపల మీద జాలితో కాదు. దాంతో చేపలు ఎక్కువ పడుతున్నాయని. కొత్తది కాదు మావయ్యా ఇది. పసిఫిక్ దీవులవాళ్లు ఎముకతోనూ చిప్పతోనూ ఇలా లోపలికి తిరిగిన గాలాలు ఎప్పుడో చేసుకున్నారు. జపాన్‌లో ఒకినావా దగ్గర ఒక గుహలో గవ్వతో అరగదీసి చేసిన గాలాలు దొరికాయి. వాటి వయసు సుమారు 23 వేల ఏళ్లు. వంపు చూస్తే నాదానికి ముత్తాతలా ఉంటుంది."

మావయ్య గవ్వ దగ్గర ఆగాడు. గవ్వతో గాలం ఎలా చేస్తారని అడిగాడు. అడుగుభాగం విరగ్గొట్టి రాతి మీద అరగదీసి ఉంటారని చెప్పాను. కాసేపు దాని గురించే ఆలోచించాడు. తర్వాత, అసలు ప్రశ్న ఇప్పుడే గుర్తొచ్చినట్టు అడిగాడు.

"ఆ హాలిబట్ వాళ్లవి చేతితాళ్లా, కట్టి వదిలే తాళ్లా?"

"కట్టి వదిలేవే. పెద్ద తాడుకి వందల గాలాలు."

"మరి ఆ సంగతి ముందు చెప్పొచ్చు కదరా."

చెయ్యి తాడు మీద లేనప్పుడు గుంజేవాడు ఎవడూ లేడు. మావయ్య ఆ మాటకి నాకన్నా ముందే చేరిపోయాడు. ఆయనకి రాత్రి తాడొకటి ఉంది. రెండు గుంజల మధ్య కట్టి, మూరకొక గాలం వేలాడదీసి, చీకటి పడ్డాక వదిలేసి, తెల్లారకముందు వచ్చి తీసే తాడు. పది గాలాలు. వాటికి మామూలు గాలాలే.

"రాత్రి పదింటప్పుడు పడ్డ చేప, గాలం పొట్టలో దిగిందనుకో, నేనొచ్చేసరికి చచ్చి తేలుతుంది," అన్నాడు తనలో తనే. "కళ్లు తెల్లబడి ఉంటాయి. పీతలు సగం కొరికి ఉంటాయి. దాన్ని రేవులో ఎవరు చూస్తారు? అదే మూతి దగ్గర పట్టుకుని ఉంటే..."

"పొద్దున్నదాకా బతికే ఉంటుంది."

"బతికున్న పండుగప్ప వేరు, చచ్చిన పండుగప్ప వేరు." ధర చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

నేను ఇన్నాళ్లూ ఆయనతో వదిలెయ్యడం గురించి మాట్లాడుతూ వచ్చాను. సర్కిల్ గాలం గురించి చెప్పాల్సిన మొదటి మాట అది కాదు. దవడ మూల పట్టుకున్న గాలం, మనిషి చెయ్యి చేరేదాకా చేపని బతికించి ఉంచుతుంది. ఆ తర్వాత అమ్మడమా, వదలడమా అన్నది ఆ చెయ్యి నిర్ణయించుకుంటుంది. పొట్టలో దిగిన గాలం ఆ నిర్ణయాన్ని రాత్రే తీసేసుకుంటుంది. సముద్రంలో పొడవాటి తాళ్లకి చిక్కే తాబేళ్ల విషయంలోనూ ఇదే. పెద్ద సర్కిల్ గాలాలు వాడితే అవి మింగడం తగ్గుతుంది. హోప్ ఐలాండ్ ఇసుకమీద గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ నీళ్లగుండానే వస్తాయి.

"అయితే ఎదురుముల్లు?" అన్నాడు మావయ్య. మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే ఆ చిన్న ముల్లుని నేను ప్లయరుతో నొక్కేస్తానని ఆయనకి తెలుసు. తెలుసుకున్న రోజు కూడా బాగా గుర్తే. రెండేళ్ల కిందట, ఇదే నావలో, ఎగిరిన చేప తల విదిలిస్తే గాలం నా బొటనవేలిలో ఎదురుముల్లుదాకా దిగింది. లాగితే రాదు. మావయ్యే తీశాడు. కాడని వేలికేసి గట్టిగా అదిమాడు, వంపు చుట్టూ దారం మడత వేసి నన్ను మడచెట్ల మీది కొంగ వైపు చూడమన్నాడు, ఒక్క గుంజు గుంజాడు. నొప్పి తెలిసేలోపు గాలం పడవలో పడింది. తర్వాత ధనుర్వాతం ఇంజెక్షన్‌కి ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

"నాకు ముల్లు నొక్కేస్తే చాలు మావయ్యా. చేప మూతీ తక్కువ చిరుగుతుంది, నా వేలూ బతుకుతుంది."

"నీకు చాలు. నీ తాడు బిగువుగా ఉంటుంది కాబట్టి. రాత్రి తాడు పోటుకి ఊగుతుంది, పాటుకి ఊగుతుంది. వదులైనప్పుడు ముల్లు లేని గాలం ఊడిపోద్ది. ముల్లు ఉండాల్సిందే." దీంట్లో ఆయనే నెగ్గాడు. రాత్రి తాడుకి ముల్లు ఉండాలని ఇప్పుడు నేనూ అంటాను. నా రాడ్డుకి మాత్రం నొక్కేస్తాను.

చీకటి పడింది. గొరకలు కూయడం మొదలుపెట్టాయి. నావ పలకకి చెవి ఆనిస్తే అడుగునుంచి టకటకమని వినపడుతుంది, అవి పొట్టలోని గాలితిత్తి కండరాలతో చేసే చప్పుడు. మావయ్య చెవి ఆనించే అడిగాడు, "గుడ్డు ఎప్పుడూ పెద్ద పండుగప్పలోనే ఉంటుందెందుకురా? రెండు మూడు కిలోలవి ఎన్ని కోసినా ఎప్పుడో తప్ప గుడ్డు కనపడదు."

ఇది ఆయన కత్తికి తెలిసిన సంగతి, నేను పుస్తకంలో చదివిన సంగతి. పండుగప్పల్లో ఎక్కువభాగం ముందు మగవిగా పెరుగుతాయి. కొన్నేళ్లు మగవిగానే గడిపి, బాగా పెద్దయ్యాక ఆడవిగా మారతాయి. గుడ్లు పెట్టేది నదుల మొగల దగ్గర, ఉప్పు ఎక్కువున్న నీళ్లలో. పిల్లలు పోటుతోపాటు ఈ మడల్లోకి వచ్చి పెరుగుతాయి.

చెప్పాను. ఆయన నావలో లేచి కూర్చున్నాడు.

"అంటే పెద్దవన్నీ తల్లులా?"

"చాలామటుకు."

"అంటే పిల్లల్ని వదలాలి, తల్లుల్నీ వదలాలి. మరి నేను పట్టేదేంటి? మధ్యవాటినా?"

"మధ్యవాటినే పట్టుకోమని అంటాను నేను."

"పదిహేను కిలోల పండుగప్ప తాడు మీదుంటే వదిలేసి ఇంటికి రమ్మంటావు. మీ అత్తకి నువ్వొచ్చి చెప్తావా?" నేను నవ్వలేదు, ఆయనా నవ్వలేదు. అంత చేప నెలకొకటి పడితే గొప్ప. దాంతో ఆ ఇంట్లో ఫీజు కట్టారు, పడవకి కీలు వేయించారు. వదిలెయ్యమని చెప్పే నోరు నాకు లేదు. వదిలితే బాగుంటుందన్న కోరికా పోలేదు. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

తర్వాత ఆయన రాత్రి తాడు ముందుకి లాక్కున్నాడు. టార్చి నన్ను పట్టుకోమన్నాడు. ఒకటి విడిచి ఒకటి చొప్పున అయిదు గాలాలు కోసేసి నా పెట్టెకేసి చెయ్యి చాచాడు. 5/0 సర్కిల్ గాలాలు అయిదు ఇచ్చాను. మొనలు పక్కకి వంగనివి, కాడకి సూటిగా ఉన్నవే ఏరి ఇచ్చాను. వంకరగా ఉన్నవి మళ్లీ గొంతులో గుచ్చుకునే ప్రమాదం ఎక్కువ. దారం కన్నులోంచి పోనిచ్చి కాడ చుట్టూ చుట్టి ముడి వెయ్యమని చెప్పబోయాను. ఆయన అప్పటికే అలాగే చుడుతున్నాడు.

"కాడకి చుడితేనే గాలం సరిగ్గా తిరుగుద్ది. ఇది మా నాన్న వేసిన ముడే," అన్నాడు.

పదో గాలం కట్టి రొయ్య గుచ్చాడు. నల్ల చుక్కని తప్పించాడు. ఈసారి వేళ్లు తప్పలేదు.

"పోటు ఎప్పుడు తిరుగుద్దన్నావు?"

"మూడున్నరకి."

"మూడింటికి లేపు. ఏ గాలం మీద ఏముందో నువ్వు టార్చి వేసి చూడు, నేను తాడు తీస్తాను. గుంజన్లే."